గుడ్లకు కాపలా కాసిన పాత ఫోను

పిల్లలూ! కోడి గుడ్లను పొదగడం మీలో కొందరు చూసే ఉంటారు. చూడనివాళ్ళు ఏ పల్లెటూరి అమ్మమ్మనో అడిగితే చెబుతుంది. గంపలో ఊక పోసి, ఊకమీద గుడ్లు పేర్చి, పొదుగుకు వచ్చిన పెట్టను వాటిమీద కూచోబెడతారు. ఇక అది గింజలు తినడానికీ, నీళ్ళు తాగడానికీ తప్ప లేవదు. 21వ రోజుకు పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వస్తాయి. ఇన్నాళ్ళూ పెట్ట ఊరికే కూచున్నట్టే కనిపిస్తుంది. నిజానికి అది మూడు పనులు చేస్తుంది. గుడ్లకు వెచ్చదనం ఇస్తుంది. రోజుకు ఎన్నోసార్లు వాటిని ముక్కుతో దొర్లిస్తుంది. ఏమరుపాటు లేకుండా కాపలా కాస్తుంది.

కిందటి దసరా సెలవుల్లో ఈ మూడు పనులూ మా ఇంట్లో మనుషులమీద పడ్డాయి. ఎట్లా అంటారా?

మా పెరట్లో నల్లపెట్ట ఒకటి 12 గుడ్లమీద కూచున్నది. ఆరవనాటి రాత్రి కుక్క వచ్చిందో, ముంగిస వచ్చిందో తెలియదు, పెట్టను ఎత్తుకుపోయింది. తెల్లవారి చూస్తే నాలుగు ఈకలు మాత్రం కనిపించాయి. గుడ్లు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. సెలవులకని విజయవాడ నుంచి వచ్చిన మా మనవడు, నాలుగవ తరగతివాడు, గంప ముందు కూలబడి ఏడుపు లంకించుకున్నాడు. ఏడవ తరగతి చదివే మనవరాలు ఏడవలేదు గాని, "తాతయ్యా, లోపలి పిల్లలు చచ్చిపోయినట్టేనా?" అని అడిగింది.

"చూడకుండా ఎట్లా చెప్పగలం?" అన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో సైన్సు చెప్పినవాణ్ణి. చూడకుండా జవాబు చెప్పడం నాకు చేతకాదు.

ముందు గుడ్లను గుడ్డలో చుట్టి, బల్బు వేడి తగిలేట్టు ఒక గంటసేపు ఉంచాం. తరువాత గది తలుపులు మూసి, చీకటి చేసి, ఒక్కొక్క గుడ్డునూ టార్చిలైటు మొనమీద నిలబెట్టాం. వెలుగు పెంకులోనుంచి వచ్చేసరికి గుడ్డంతా ఎర్రటి లాంతరులాగా వెలిగింది. లోపల సాలెగూడు లాగా సన్నని నెత్తురు దారాలు! ఆ దారాల నడుమ ఒక నల్లని చుక్క. మనవడు ఏడుపు మాని వంగి చూస్తూ, "కదిలింది!" అని కేక పెట్టాడు. ఒక గుడ్డులో మాత్రం దారాలు లేవు, అది మొదటినుంచీ పిల్ల కట్టనిది. మిగిలిన 11 గుడ్లలోనూ ప్రాణం ఉన్నది. పొదుగు మొదటి వారంలో కొన్ని గంటలపాటు చల్లబడ్డా పిల్ల తట్టుకోగలదు. కాని ఎంతో సేపు ఆగదు. వీధి వీధంతా అడిగినా పొదుగుకు వచ్చిన పెట్ట మరొకటి దొరకలేదు. సాయంత్రంలోగా మేమే ఒక పెట్టను తయారుచేయాలన్నమాట!

చేపల దుకాణంలో ధర్మోకోలు పెట్టె ఒకటి అడిగి తెచ్చాం. ధర్మోకోలు వేడిని బయటికి పోనీయదు. మూతకు చదరంగా కంత కోసి, పాత ఫొటో ఫ్రేము అద్దం బిగించాం. ఇక వేడికి బల్బు కావాలి. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు ఇళ్ళలో ఉండే ఎల్.ఇ.డి. బల్బులు ఈ పనికి పనికిరావు. అవి తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు ఇస్తాయి, ఇంటికి అది మేలే. కాని మాకు కావలసింది వెలుగు కాదు గదా! పాతకాలపు తీగ బల్బు అయితే తీసుకున్న కరెంటులో చాలాభాగం వేడిగానే మార్చేస్తుంది. అటకమీద వెతికితే 40 వాట్ల తీగ బల్బులు రెండు దొరికాయి. రెండూ పెట్టాం. ఒకటి మాడిపోయినా రెండవది ఉంటుంది. వాటి చుట్టూ ఇనప జాలీ కట్టాం. వేడి బల్బు ధర్మోకోలుకు తగిలితే అది కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. చెడిపోయిన కంప్యూటరులోని చిన్న ఫ్యానును, మూలపడిన పాత రౌటరు తాలూకు 12 వోల్టుల అడాప్టరుకు కలిపి, వేడి గాలి పెట్టె అంతటా సమానంగా తిరిగేట్టు చేశాం. అడుగున ఒక గిన్నెలో నీళ్ళు పెట్టాం. గాలి మరీ పొడిగా ఉంటే గుడ్డులోని తడి ఎండిపోతుంది.

బల్బుల వైర్లు మాత్రం పిల్లల చేత పట్టనీయలేదు. 230 వోల్టులతో ఆటలు లేవు. ఆ పని మా వీధి కరెంటు మేస్త్రీ వచ్చి చేశాడు.

ఫ్యాను ఉన్న పెట్టెలో గుడ్లకు కావలసిన వేడి 37.5 డిగ్రీలు. మన ఒంటి వేడికంటే రవ్వంత ఎక్కువ. ఆ వేడిని పట్టి ఉంచడానికి బజారులో దొరికే చిన్న ఉష్ణ నియంత్రకాన్ని తెచ్చాం. దానికి వైరు చివర గింజంత తల ఉంటుంది. తల పెట్టె లోపల, అంకెలు పెట్టె బయట. వేడి 37.2కు దిగితే బల్బులు వెలుగుతాయి, 37.8కి ఎక్కితే ఆరిపోతాయి. "ఒక్క అంకె పెడితే పోయేదానికి రెండెందుకు తాతయ్యా?" అని మనవరాలు అడిగింది. మంచి ప్రశ్నే. ఒక్కటే అంకె పెడితే, వేడి దానికి వెంట్రుకవాసి అటూ ఇటూ అయినప్పుడల్లా స్విచ్చి టకటకా కొట్టుకుంటూ త్వరగా అరిగిపోతుంది. అందుకని కొంచెం ఖాళీ వదులుతారు. అంటే పెట్టెలో వేడి ఎప్పుడూ ఒక్కచోట నిలవదు. ఊయలలాగా ఊగుతూనే ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో తరువాత పని ఉన్నది.

నియంత్రకం చూపే అంకె నిజమేనా? అదీ పరీక్షించవలసిందే. గోరువెచ్చని నీళ్ళ గ్లాసులో దాని తలనూ, ఇంట్లోని జ్వరం ధర్మామీటరునూ కలిపి ముంచాం. జ్వరం ధర్మామీటరు 99.5 చూపితే అది మన 37.5 డిగ్రీలకు సమానం. మా నియంత్రకం అర డిగ్రీ ఎక్కువ చెబుతున్నదని తేలింది. దాన్ని సరిచేసి, దీపాలు పెట్టే వేళకు గుడ్లను లోపల పేర్చాం. ప్రతి గుడ్డుకూ ఒక వైపు పెన్సిలుతో ఇంటూ గుర్తూ, రెండవ వైపు సున్నా వేశాం. రోజుకు మూడుసార్లు తిప్పాలి. తిప్పకపోతే లోపలి పిల్ల పెంకు పొరకు అంటుకుపోవచ్చు.

అయిదు రోజులు బాగానే గడిచాయి. పన్నెండవ రోజున పిల్లలు విజయవాడ వెళ్ళిపోవాలి. వెళ్ళేముందు రోజు మనవరాలు అన్నం సరిగా తినలేదు. "నేను వెళ్ళాక ఇక్కడ ఏం జరుగుతున్నదో నాకెట్లా తెలుస్తుంది?" అన్నది.

అప్పుడు నేను ఆమెకు ఒక కాఫీ పాత్ర కథ చెప్పాను. మీరు కూడా వినండి.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఉన్నది గదా. అక్కడి కంప్యూటరు పరిశోధనశాలలో, ట్రోజన్ రూమ్ అనే గది బయట నడవలో, ఒక కాఫీ యంత్రం ఉండేది. పరిశోధకులందరికీ అదొక్కటే. పక్కనే ఉన్నవాళ్ళకు కాఫీ తయారైందని వాసనతోనే తెలిసిపోయేది. పై అంతస్తులవాళ్ళు మాత్రం పని ఆపి, మెట్లన్నీ దిగి వచ్చేసరికి పాత్ర ఖాళీగా వెక్కిరించేది! 1991లో క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్, పాల్ జార్డెట్స్కీ అనే ఇద్దరు దీనికి ఉపాయం ఆలోచించారు. యంత్రాన్ని విప్పలేదు, దానికి ఒక్క తీగ కూడా తగిలించలేదు. ప్రయోగశాలలో గాజు గొట్టాలను పట్టి ఉంచే ఇనప స్టాండుకు ఒక కెమేరా బిగించి, దాని ముఖం కాఫీ పాత్రవైపు తిప్పారు. కెమేరా బొమ్మను కంప్యూటరుకు అర్థమయ్యేట్టు మార్చే పరికరం ఒక కంప్యూటరులో అప్పటికే ఉన్నది, ఆ కంప్యూటరుకు వేరే పని అంతగా లేదు. జార్డెట్స్కీ దానిచేత కొద్ది క్షణాలకొకసారి బొమ్మ తీయించాడు. ఎవరి బల్లమీద వారి కంప్యూటరు తెర మూలన ఆ బొమ్మ కనిపించే ఏర్పాటు స్టాఫర్డ్-ఫ్రేజర్ చేశాడు.

బొమ్మ ఎంత ఉండేదనుకున్నారు? అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 128 చుక్కలు. గుణించి చూడండి, 16,384 చుక్కలు. రంగులు కూడా లేవు. మీ ఇంట్లో అతి చవక ఫోను తీసే ఫొటోలో ఇంతకు కొన్ని వందల రెట్ల చుక్కలుంటాయి. అయినా పాత్రలో కాఫీ ఉన్నదా లేదా అని చూడడానికి ఆ పదహారు వేల చుక్కలు సరిపోయాయి. ఎంత కావాలో అంతే చేసుకున్నారు.

1993 నవంబరులో డేనియల్ గోర్డన్, మార్టిన్ జాన్సన్ అనేవారు ఈ బొమ్మను ఇంటర్నెట్టుకు కలిపారు. లక్షలాది జనం, ఎన్నడూ కేంబ్రిడ్జి మొహం చూడనివాళ్ళు, ఆ పాత్రను చూడడం మొదలుపెట్టారు. అందులో కాఫీ వాళ్ళెవరికీ రాదు, అయినా చూశారు! పరిశోధనశాల కొత్త భవనానికి మారుతూ 2001 ఆగస్టు 22న కెమేరాను ఆపివేసింది. ఆ కాఫీ యంత్రాన్ని వేలం వేస్తే జర్మనీకి చెందిన ఒక పత్రికవారు 3,350 పౌండ్లకు పాడుకున్నారు. ఇంతా చేసి అప్పటికి అది చెడిపోయి ఉన్నది! బాగుచేయించారు. తరువాత అది జర్మనీలోనే పాడర్‌బార్న్ పట్టణంలో ఉన్న కంప్యూటరు ప్రదర్శనశాలకు చేరింది.

దీనికి ముందే అమెరికాలో, పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, ఇంకో తమాషా జరిగింది. అక్కడ కోకాకోలా సీసాల యంత్రం ఉండేది. దూరంనుంచి నడిచి వస్తే ఒక్కోసారి సీసాలు అయిపోయి ఉండేవి, లేదా అప్పుడే నింపినందువల్ల వెచ్చగా ఉండేవి. 1982 ప్రాంతంలో అక్కడి విద్యార్థులు యంత్రంమీది చిన్న దీపాలను కంప్యూటరుకు కలిపారు. ఎవరైనా సీసా కొంటే ఆ వరస దీపం కొద్ది క్షణాలు వెలిగి ఆరిపోతుంది. వరస ఖాళీ అయితే మళ్ళీ నింపేదాకా వెలుగుతూనే ఉంటుంది. కంప్యూటరు చేసే పనల్లా దీపాలను చూస్తూ లెక్క కట్టడమే. ఒక వరస నింపి మూడు గంటలు దాటితే, ఆ సీసాలు చల్లబడి ఉంటాయని చెప్పేది. చూడండి, సీసాను ముట్టుకోకుండానే, ధర్మామీటరు లేకుండానే, గడియారంతో చల్లదనం కనిపెట్టారు! నాకు కాఫీ కథకంటే ఇదే ఎక్కువ ఇష్టం. కాని మా ఇంట్లో పనికివచ్చింది కాఫీ కథ.

ఎందుకంటే మా ఇంట్లో పాత ఫోను ఒకటి ఉన్నది. తెర పగిలి సాలెగూడులాగా తయారైందని మా అమ్మాయి పక్కన పడేసింది. కెమేరా మాత్రం శుభ్రంగా ఉన్నది. పాత ఫోనును కాపలా కెమేరాగా మార్చే ఆప్‌లు ఊరికే దొరుకుతాయి. మనవరాలు ఒకటి ఎక్కించింది. పుస్తకాల దొంతర మధ్య ఫోనును నిలబెట్టి, నియంత్రకం ఎర్ర అంకెలూ, అద్దంలోనుంచి గుడ్లూ కనిపించేట్టు సర్దింది. ఫోను పెట్టెకు బయటే ఉండాలి, లోపలి వేడికి దాని బ్యాటరీ చెడుతుంది. ఎప్పుడూ ఛార్జింగులోనే ఉండే పాత ఫోను బ్యాటరీ ఒక్కోసారి ఉబ్బుతుంది కూడా. అందుకని రోజూ వీపు తడిమి చూడమని నాకు పని అప్పగించింది. ఆప్‌కు గట్టి రహస్యపదం పెట్టించాను. కోడిగుడ్లను లోకమంతా చూస్తే నష్టం లేదు, కాని మా వంటింటి తలుపు కూడా ఆ బొమ్మలో ఒక మూల కనబడుతున్నది.

పిల్లలు వెళ్ళారు. బడినుంచి రాగానే వాళ్ళ అమ్మ ఫోనులో చూసుకోవడం, "తాతయ్యా, 37.4. తాతయ్యా, ఇప్పుడు 37.7" అని నాకు చెప్పడం! పక్కనే ఉన్నవాడికి వంద కిలోమీటర్ల అవతలినుంచి చెబుతున్నారన్నమాట.

పదిహేనవ రోజున మేము దగ్గర చుట్టాల పెళ్ళికి వెళ్ళవలసి వచ్చింది. పక్కింటి ఆవిడకు తాళంచెవి ఇచ్చి, ఉదయం ఒకసారీ మధ్యాహ్నం ఒకసారీ గుడ్లు తిప్పిపొమ్మని చెప్పాం. ఆవిడ రెండు గంటలకు వచ్చి తిప్పి వెళ్ళింది. మళ్ళీ వచ్చేది మర్నాటి ఉదయమే. పెళ్ళిపందిట్లో నేను నాలుగింటికి ఫోను తీసి చూస్తే 37.6. ఆరింటికి చూస్తే 37.6. ఎనిమిది దాటాక, భోజనాల దగ్గర, మళ్ళీ చూస్తే 37.6. "ఎంత నిలకడగా ఉన్నదో చూడు" అని మా ఆవిడకు చూపించాను. గర్వంగానే చూపించానని ఒప్పుకోవాలి.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒక నిమిషం చూసింది. "ఏమండీ, చీకటి పడి రెండు గంటలయింది. ఇందులో గోడమీద ఎండ ఉన్నదేమిటి?" అన్నది.

నిజమే! బొమ్మలో పెట్టె వెనక గోడమీద కిటికీ ఎండ పచ్చగా పడి ఉన్నది. నా చేతిలో ముద్ద జారిపోయింది. నేను చూస్తున్నది ఇప్పటి బొమ్మ కాదు, మధ్యాహ్నం మూడున్నర నాటిది! ఊయలలాగా ఊగవలసిన అంకె అయిదు గంటలుగా కదలకపోతే, ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పిన నాకు అనుమానం రాలేదు. గోడమీద ఎండ మా ఆవిడ కంటపడింది.

వెంటనే పక్కింటి ఆవిడకు ఫోను చేశాం. ఆవిడ టార్చి తీసుకుని పరుగెత్తింది. "మాస్టారూ, వీధిలో కరెంటు ఉన్నది, మీ ఇంట్లోనే లేదు" అన్నది. మెయిను దగ్గర ట్రిప్ స్విచ్చి పడిపోయి ఉన్నది. (పెరటి దీపం వైరును ఎలుక కొరికిందని మర్నాడు మేస్త్రీ కనిపెట్టాడు.) పెరటి దీపం స్విచ్చి తీసేసి, మెయిను స్విచ్చి పైకి వేయమన్నాను. వేసింది. ఎర్ర అంకెలు వెలిగాయి. ఎంత ఉన్నదో చదవమన్నాను. "ముప్పై" అన్నది.

పెళ్ళి ఎట్లా జరిగిందో నాకు జ్ఞాపకం లేదు. తెల్లవారుజామున మొదటి బస్సుకు వచ్చేశాం.

ఇంతకూ జరిగిందేమిటి? ఇంట్లో కరెంటు పోగానే బల్బులు ఆరిపోయాయి, వాటితోపాటు రౌటరూ ఆరిపోయింది. పాత ఫోను తన బ్యాటరీమీద మెలకువగానే ఉన్నది, చల్లబడుతున్న పెట్టెను చూస్తూనే ఉన్నది. కాని చూసింది చెప్పడానికి దారి మూసుకుపోయింది. ఇక్కడ నా చేతిలోని ఫోను, కొత్త బొమ్మ రాలేదు గనక ఆఖరున వచ్చిన బొమ్మనే చూపుతూ కూచున్నది. అది అబద్ధం చెప్పలేదు, పాత నిజం చెప్పింది. ఊరినుంచి వారం కిందట బయలుదేరిన ఉత్తరంలో "అందరం క్షేమం" అని ఉంటే, అది రాసిననాటి క్షేమమే గదా!

ఆ సాయంత్రం మనవరాలూ నేనూ ఫోనులో చాలాసేపు ఆలోచించాం. మొదటి ఉపాయం ఆమెదే. "తాతయ్యా, సెకండ్ల ముల్లు ఉన్న గడియారం ఒకటి పెట్టె పక్కన పెట్టు. ముల్లు తిరుగుతుంటే బొమ్మ కొత్తదని తెలుస్తుంది, ఆగిపోతే పాతదని తెలుస్తుంది" అన్నది. మా అలారం గడియారాన్ని పెట్టెకు ఆనించాం. రాత్రిళ్ళు అది కనబడడానికి చిన్న బెడ్‌లైటు పెట్టాం. ఇంత చిన్న సంగతి మొదటిరోజునే తట్టనందుకు నామీద నాకే కోపం వచ్చింది.

రెండవది, పాత ఫోనులో ఒక సిమ్ కార్డు వేశాం. ఇక రౌటరు ఆరిపోయినా బొమ్మ పోవడానికి వేరే దారి ఉన్నది. కాపలావాడు తినే అన్నమూ, కాపలా కాయవలసిన ఇల్లూ ఒకే కరెంటుమీద ఆధారపడితే, ఇద్దరూ ఒకేసారి పడిపోతారు. మూడవది, బొత్తాం సెల్లుతో నడిచే చిన్న ధర్మామీటరు ఒకటి తెచ్చి దాని తలను కూడా గుడ్ల మధ్య పెట్టాం. నియంత్రకం తల జారి బయట పడిందనుకోండి, అది బయటి వేడిని చూసి, లోపల చల్లగా ఉన్నదనుకుని బల్బులు వెలిగిస్తూనే ఉంటుంది, గుడ్లు ఉడికిపోతాయి. రెండవ సాక్షి ఉంటే తగవు బయటపడుతుంది. నాలుగవది నేను చేర్చాను. పక్కింటి ఆవిడ ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి మనవరాలి బల్ల దగ్గర అంటించమన్నాను. ఎంత దూరంనుంచి ఎంత బాగా చూసినా, పడిపోయిన స్విచ్చిని పైకి వేయడానికి అక్కడ ఒక చెయ్యి ఉండవద్దా?

మన రైతులకు ఈ సంగతులు బాగా తెలుసు. ఆంధ్రలోనూ తెలంగాణాలోనూ చాలామంది పొలం మోటారుకు ఫోను స్టార్టరు పెట్టుకుంటారు. అర్ధరాత్రి కరెంటు వచ్చినా, ఇంట్లోనుంచే ఫోను చేసి మోటారు వేస్తారు. చీకట్లో, పురుగూ పుట్రా తిరిగే గట్లవెంట పోనక్కరలేదు. అయితే "మోటారు వెయ్యి" అని చెప్పగానే పని అయినట్టు కాదు. మోటారు నిజంగా కరెంటు తీసుకుంటున్నదా, మూడు ఫేజులూ ఉన్నాయా అని మంచి స్టార్టరు కొలిచి చూసుకుని, తిరిగి కబురు చెబుతుంది. ఆ తిరుగు కబురే అసలైనది.

పద్దెనిమిదవ రోజున మళ్ళీ టార్చితో చూశాం. రెండు గుడ్లు ఎదుగుదల ఆగిపోయి కనిపించాయి. అవి పెళ్ళినాటి రాత్రి చలికే పోయాయో, పెట్ట పోయిన రాత్రి దెబ్బ తిన్నాయో చెప్పడం కష్టం. ఆ మాట ఫోనులో చెబితే మనవడు చాలాసేపు మాట్లాడలేదు. మిగిలినవి తొమ్మిది. ఆ రోజుతో గుడ్లు తిప్పడం ఆపాలి, నీళ్ళ గిన్నె ఇంకొకటి పెట్టాలి. పిల్ల పెంకు చీల్చుకునే వేళ గాలి తడిగా లేకపోతే, పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. మేము అట్లాగే చేశాం. ఆ తడికి మూత అద్దం నిండా ఆవిరి పట్టింది! గుడ్లు కనబడడం మానేశాయి. మూత తీసి తుడుద్దామంటే లోపలి తడీ వేడీ పోతాయి. విజయవాడలో అన్నాచెల్లెళ్ళ తగవు కాదు గాని, అక్కాతమ్ముళ్ళ తగవు మొదలైంది. "తియ్యమను" అని వాడు, "వద్దు" అని ఆమె. తియ్యలేదు. ఎర్ర అంకెలూ, గడియారం ముల్లూ, తెల్లటి ఆవిరీ, రెండు రోజులపాటు వాళ్ళకు కనిపించినది అంతే.

ఇరవయ్యవ నాటి తెల్లవారుజామున అయిదు గంటలకు మా ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోను వస్తే పెద్దవాళ్ళకు గుండె గుభేలుమంటుంది. తీస్తే మనవరాలు.

"తాతయ్యా! గుడ్లు అరుస్తున్నాయి!"

ఆప్‌లో బొమ్మతోపాటు శబ్దం కూడా వస్తుందని మేమెవరమూ ఆలోచించలేదు. కళ్ళ కోసం పెట్టిన ఫోనుకు చెవి కూడా ఉన్నది. కోడిపిల్ల పెంకు పగలగొట్టడానికి సుమారు ఒకరోజు ముందే, గుడ్డులో వెడల్పు వైపున ఉండే గాలి అరలోకి ముక్కు పొడిచి ఊపిరి పీల్చుకుంటుంది. అప్పటినుంచి లోపలనే కీచుకీచుమంటుంది. తల్లి పైన ఉంటే జవాబు చెబుతుంది. అంత సన్నని అరుపు పక్క గదిలో పడుకున్న మాకు వినిపించలేదు, ఊరవతల మేలుకున్న పిల్లకు వినిపించింది. నేను లేచి వెళ్ళి పెట్టెకు చెవి ఆనించాను. నిజమే!

మా ఆవిడ కూడా వచ్చి, పెట్టె పక్కన చతికిలబడి, పొదుగు కోడి లాగా "క్లుక్ క్లుక్" అన్నది. లోపలినుంచి రెండు మూడు గొంతులు బదులు పలికాయి. విజయవాడలో ఫోను దగ్గర పెద్ద నవ్వు వినిపించింది.

21వ రోజు మధ్యాహ్నం మొదటి పెంకు చిట్లింది. రాత్రికి అయిదు వచ్చాయి, మర్నాటికి ఇంకో మూడు. ఒకటి పెంకుకు కన్నం చేసి, అక్కడే అలసిపోయి ఆగిపోయింది. మొత్తం ఎనిమిది పిల్లలు. తడి ఆరి, బొచ్చు పొంగి, ఒకదానిమీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. ఆవిరి కూడా తగ్గి, అద్దం కొంచెం తేరుకున్నది.

ఆ సాయంత్రం బడినుంచి రాగానే మనవడు ఫోను చేశాడు. "తాతయ్యా, లోపలి ధర్మామీటరు కనపడడం లేదు, ఏదో నల్లగా అడ్డం వచ్చింది" అన్నాడు. వెళ్ళి చూశాను. నల్లపిల్ల ఒకటి, అచ్చం వాళ్ళమ్మ రంగుది, ధర్మామీటరుకు అడ్డంగా నిలబడి కెమేరావైపు చూస్తున్నది.